సూది ఎగురుతదని డోలు పక్కకు పెట్టిర్రు

మూడేండ్ల కింద మానుకోట పక్కన ఒక చావుకాడ మా పెద్దబాపు డప్పు కొడుతుంటే ఫోన్ల పట్టిన. ఇంటికొచ్చి ఇంటే ఒక్కటే బర్రుమనుడు. చిర్ర దెబ్బకు ఫోన్ మైకు ఆగలే. ఆర్నెల్లకు పెద్దబాపు పోయిండు. నా దగ్గర ఆ బర్రుమనుడే మిగిలింది. గప్పటి సంది బేబీ డాడ్స్ అనే మనిషి కత నన్ను ఇడుస్తలేదు.

తమ్ముళ్లూ, చెల్లెండ్లూ, ఈ పేరు మీలో శానామంది ఇని ఉండరు. అసలు పేరు వారెన్ డాడ్స్. 1898 డిసెంబర్ 24న అమెరికాల న్యూ ఆర్లీన్స్‌ల పుట్టిన నల్లజాతి బిడ్డ. డ్రమ్ము కొనే తాహతు లేకుండె. పందికొవ్వు డబ్బాకు బొక్కలు పొడిచి బోర్లేసి, తల్లి కుర్చీల కడ్డీలు పీకి పుల్లలు చేసుకుండు. తల్లి ఏమన్నదో మనకెందుకు గానీ, పోరడు ఆగలే. సంచుల ఫ్యాక్టరీల కూలికి పోయి, పైస పైస కూడబెట్టి ఒక్కొక్క సామాను కొనుక్కుండు.

ఆ ఊర్లె కాంగో స్క్వేర్ అని ఒక మైదానం ఉండె. బానిసలు ఆదివారం పూట అక్కడ డోళ్లు కొట్టి ఆడేది. వేరే దిక్కు ఆ మాత్రం కూడ లేదు. సౌత్ కరోలినాల 1739ల బానిసలు డోళ్లు కొట్టుకుంట తిరుగబడితే, తెల్ల దొరలు తెల్లారేసరికి 1740ల డోలు మీదనే నిషేధం పెట్టిర్రు. డోలంటే ఆళ్లకు గంత బుగులు.

1918 సంది మూడేండ్లు మిసిసిపి నది పడవల మీద కొట్టిండు. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ కూడ అదే మేళంల ఉండె. కొట్టేది నల్లోళ్లు, ఆడేది తెల్లోళ్లు. సెయింట్ లూయీ రేవుల సోమారం రాత్రి ఒక్కటే నల్లోళ్లకు.

ఇగ అసలు ముచ్చట 1923 ఏప్రిల్‌ది. కింగ్ ఆలివర్ మేళం ఇండియానా రాష్ట్రం రిచ్‌మండ్‌ల జెనెట్ కంపెనీకి రికార్డు చెయ్యవోయింది. బేబీ డాడ్స్ ఉన్నడు, క్లారినెట్ ఊదే ఆయన అన్న జానీ ఉన్నడు, ఆర్మ్‌స్ట్రాంగ్ ఉన్నడు. అప్పటికి మైకులు లేవు. పెద్ద గరాటు ముంగట వాయిస్తే, ఆ అదురుకు సూది మైనం మీద గీత గీసేది. పెద్ద డ్రమ్ము కొడితే సూది ఎగిరిపడుతది. గందుకని డ్రమ్ములు వద్దని కట్టె దిమ్మెలు కొట్టుమన్నరు. పేరుమోసిన డ్రమ్మరు, రికార్డుల టకటక మాత్రమే. పక్కనే రైలు పట్టాలు. బండి వస్తే పని బంద్. అదే కంపెనీ క్లూ క్లక్స్ క్లాన్ గుంపుకు కూడ పైసలు తీసుకొని రికార్డులు అచ్చు గుద్దిచ్చేది.

డిప్పర్‌మౌత్ బ్లూస్ పాటల తన వంతు వచ్చినప్పుడు డాడ్స్ మర్చిపోయిండు. సందు ఖాళీ పోతుందని పక్కన బిల్ జాన్సన్ ఒక కేక ఏసిండు. ఆ కేక పాటల భాగమై కూసుంది. తర్వాతోళ్లు అదే కేక నేర్చుకొని మరీ ఏసిర్రు!

మరుసటేడు పైసల లెక్కకాడ పంచాది అయి అన్నదమ్ములు మేళం ఇడిసిర్రు. ఇగ షికాగోల సెషన్ పని: పక్కోని రికార్డుకు పోయి కొట్టుడు, కూలి తెచ్చుకునుడు. 1927 మే నెలల ఆర్మ్‌స్ట్రాంగ్ హాట్ సెవెన్, జూన్‌ల జెల్లీ రోల్ మార్టన్. ఈ రికార్డులు ఇయ్యాల్టికి ప్రపంచం ఇంటది. డబ్బా మీద పెద్ద పేరు ఇంకొకరిది. మన మాణిక్యాపురం చుక్క సత్తయ్య పేరు జనగామల ఎవల నడిగినా చెప్తరు. ఆయన ఎనుక డోలు కొట్టినోళ్ల పేర్లు చెప్పుండ్రి చూద్దాం. నాకూ రావు.

1929 తర్వాత కరువు కాలంల మేళాలు చెదిరినయి. డాడ్స్ అన్నదమ్ముల టాక్సీల కాడ పనికి పోయిండు. 1940ల జానీ పోయిండు.

1946 జనవరిల, 47 ఏండ్ల వయసుల, ఫ్రెడరిక్ రామ్సే అనే ఆయన డాడ్స్‌ను ఒక్కన్నే మైకు ముంగట కూసోబెట్టిండు. ఫోక్‌వేస్ కంపెనీ 1951ల దాన్ని ఇడుదల చేసింది. అండ్ల డాడ్స్ తన నోటితోని చెప్పుకుంట కొడుతడు: ఇది అంచు దెబ్బ, ఇది ఒక్క చేతిల రెండు పుల్లలు అదిలిస్తే వచ్చే చప్పుడు అని. 23 ఏండ్ల కింద పక్కకు పెట్టిన డ్రమ్ము అండ్ల సుద్దంగ ఇనవడుతది. నాకు ఇంగ్లీషు అంతంతే, అయినా నాలుగు సార్లు ఇన్న. మూడేండ్లకే పక్షవాతం కొట్టింది. 1959 ఫిబ్రవరి 14న షికాగోల సచ్చిపోయిండు.

పోయిన నెల భూపాలపల్లి దిక్కు ఒక పల్లెకు పోయిన. డెబ్బై దాటిన డప్పు పెద్దమనిషి ఒకాయన. ఫోన్ పది అడుగుల దూరం పెట్టిన, మైకు మీద గుడ్డ కప్పిన. పుల్ల ముట్టకముందు పేరు, తండ్రి పేరు, ఊరు చెప్పుమన్న. నా పేరెందుకు బిడ్డా అని సిగ్గువడ్డడు. డప్పు కాగేదాకా కూసుండి, మల్ల అడిగిన. చెప్పిండు.