పదకొండు కిలోల పోర్టబుల్

ఇంజనీరింగ్‌లో చేరేముందు నాన్న నన్ను అడిగింది ఒక్కటే. టాబ్ సరిపోతుందా, లేక ల్యాప్‌టాపే కావాలా అని. సరిపోతుందని చెప్పింది నేనే. కీబోర్డు తగిలిస్తే టాబే ల్యాప్‌టాప్ అయిపోతుందని యూట్యూబ్‌లో చూసి, ఇంట్లో అందరికీ క్లాసు కూడా పీకాను. నోట్స్ రాసుకోవడానికి, పీడీఎఫ్‌లు చదువుకోవడానికి అది నిజంగానే బంగారం. సెకండ్ ఇయర్‌లో జావా ల్యాబు, డేటాబేస్ ల్యాబు మొదలయ్యాక అసలు సంగతి తెలిసింది. ల్యాబులో వాడే సాఫ్ట్‌వేర్ నా టాబ్‌లో ఎక్కదు. బ్రౌజర్‌లో నడిచే కంపైలర్లు ఉన్నాయి గానీ, మా హాస్టల్ వైఫై రాత్రి పదకొండు దాటాక దేవుడి దయ. అందుకని రూమ్మేట్ పడుకున్నాక తన ల్యాప్‌టాప్ అడుక్కుని రికార్డు పూర్తిచేస్తున్నాను. టాబ్ ఈఎంఐలే ఇంకా తీరలేదు, మళ్ళీ ల్యాప్‌టాప్ అడగాలంటే నోరు రావట్లేదు.

ఆ టైంలో, చిన్న మెషిన్ పెద్ద మెషిన్ పని చేయగలదా అని వెతుకుతుంటే ఆడం ఆస్బోర్న్ దొరికారు. ఆస్బోర్న్ ఎఫెక్ట్ అనే మాట మేనేజ్‌మెంట్ స్లైడ్స్‌లో చూసినవాళ్ళు మనలో చాలామంది ఉంటారు. నేనూ చూశాను, పరీక్షలో రాసి మర్చిపోయాను కూడా. ఆ పేరున్న మనిషి చిన్నతనం తిరువణ్ణామలైలో గడిచిందని మాత్రం ఏ స్లైడులోనూ లేదు.

ఆయన పుట్టింది 1939 మార్చి 6న, బ్యాంకాక్‌లో. తండ్రి ఆర్థర్ ఆస్బోర్న్ ఇంగ్లీషాయన, తల్లి లూసియా పోలండ్ ఆవిడ. రమణ మహర్షి జీవితం మీద ఇంగ్లీషులో పుస్తకం రాసిన ఆర్థర్ ఆస్బోర్న్ ఈయనే. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ వాళ్ళు ఆర్థర్‌ని బ్యాంకాక్‌లో నిర్బంధించారు. అప్పటికే తల్లీ పిల్లలూ తిరువణ్ణామలై చేరిపోయారు. అలా ఒక తెల్ల కుర్రాడు అరుణాచలం కొండ కింద తమిళం మాట్లాడుతూ పెరిగాడు. కొన్నాళ్ళు కొడైకెనాల్‌లో కాన్వెంట్‌లో చదివి, పదకొండేళ్ళప్పుడు ఇంగ్లండ్ వెళ్ళిపోయాడు. ఇక్కడ చిన్న పక్కదారి. మన క్లబ్బులో చలం పేరెత్తితే కొట్టుకునేవాళ్ళున్నారు కదా, ఆ చలం గారు బెజవాడ వదిలి అరుణాచలం చేరింది 1950లో. అంటే ఈ పిల్లాడు ఊరు వదిలిన రోజులూ, ఆయన వచ్చిన రోజులూ ఇంచుమించు ఒకటే. దీంతో నా టాబ్‌కి ఏ సంబంధమూ లేదు, కానీ చెప్పకుండా ఉండలేకపోయాను.

బర్మింగ్‌హామ్‌లో కెమికల్ ఇంజనీరింగ్, తర్వాత అమెరికాలో డెలావేర్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ, ఆపైన షెల్ ఆయిల్ కంపెనీలో ఉద్యోగం. అది ఆయనకు పడలేదు. 1970ల మొదట్లో వదిలేసి, కంప్యూటర్ కంపెనీలకు మాన్యువల్స్ రాసే పనిలో దిగారు. మైక్రోప్రాసెసర్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. వాటిమీద సొంతంగా ఒక పుస్తకం రాసి, సొంతంగానే అచ్చు వేసుకున్నారు. హోంబ్రూ కంప్యూటర్ క్లబ్ మీటింగులకు పుస్తకాలు మోసుకెళ్ళి అమ్మేవారు. ఇమ్సాయ్ అనే కంప్యూటర్ కంపెనీ తన మెషిన్లతో పాటు ఆ పుస్తకాన్నీ ఇచ్చింది. దాంతో ఆయన పేరు మోగిపోయింది. 1979లో ఆ ప్రచురణ సంస్థని మెక్‌గ్రా హిల్‌కి అమ్మేశారు. పత్రికల్లో కాలమ్ కూడా రాసేవారు, అందులో కంప్యూటర్ కంపెనీలను మొహమాటం లేకుండా ఉతికేవారు.

ఉతికేవాణ్ణి ఎవరైనా అడిగేదేంటి, అంత తెలిస్తే నువ్వే చెయ్యి అని. ఆయన నిజంగానే చేశారు. హోంబ్రూ క్లబ్ మీటింగులు నడిపే లీ ఫెల్సెన్‌స్టీన్‌తో డిజైన్ చేయించి, 1981 ఏప్రిల్‌లో వెస్ట్ కోస్ట్ కంప్యూటర్ ఫెయిర్‌లో ఆస్బోర్న్ 1 చూపించారు. వ్యాపారంగా నిలబడ్డ మొదటి పోర్టబుల్ కంప్యూటర్ అదే. పోర్టబుల్ అనగానే మన బ్యాగులో పట్టేది అనుకోకండి. బరువు 11 కిలోలు. మూత పెడితే కుట్టుమిషన్ పెట్టెలా ఉంటుంది, ఆ మూతే కీబోర్డు. విమానంలో సీటు కింద పట్టాలని కొలత పెట్టారు. మామూలుగా బ్యాటరీ ఉండదు, ఎక్కడికి మోసుకెళ్ళినా ప్లగ్ వెతుక్కోవాల్సిందే. స్క్రీన్ 5 అంగుళాలు, మన ఫోన్ల కంటే చిన్నది.

ఆ స్క్రీన్ దగ్గరే నేను ఆగిపోయాను. దానిమీద వరసకి 52 అక్షరాలే పడతాయి. టేబుల్ మీది కంప్యూటర్లలో 80 ఉండేవి. అయినా ఆయన పనిని కుదించలేదు. మెమరీలో పేజీ 128 అక్షరాల వెడల్పు ఉంటుంది, స్క్రీన్ దానికి కిటికీ లాంటిది. కీ నొక్కుతూ కిటికీని పక్కకి జరుపుకుంటూ చదువుకోవాలి. చిరాకే, కానీ పేజీ మాత్రం మొత్తం ఉంటుంది. లోపల జెడ్80 ప్రాసెసర్, 64 కేబీ మెమరీ, రెండు ఫ్లాపీ డ్రైవులు, ఆ రోజుల్లో ఆఫీసుల్లో నడిచే సీపీఎం ఆపరేటింగ్ సిస్టమ్. దాంతోపాటు వర్డ్‌స్టార్, సూపర్‌కాల్క్, ప్రోగ్రాములు రాసుకోవడానికి బేసిక్ కూడా కలిపి ఇచ్చారు. అన్నీ కలిపి 1,795 డాలర్లు. ఆ సాఫ్ట్‌వేరే విడిగా కొంటే దాదాపు అంత అయ్యేది. సరిపడా ఉంటే చాలు, పైనుండేదంతా అదనమే అన్నది ఆయన పద్ధతి.

నా టాబ్ సరిగ్గా దీనికి తలకిందులు. స్క్రీన్ అద్దంలా ఉంటుంది, అరకిలో బరువు, రోజంతా చార్జింగ్. కుదించింది పనిని. ఏది ఎక్కాలో, ఏది ఎక్కకూడదో ముందే ఎవరో నిర్ణయించేశారు. ఆస్బోర్న్ కొన్నవాడు కళ్ళు చికిలించుకుని అయినా పని పూర్తిచేసేవాడు. నేను హాయిగా చూస్తూ కూర్చుంటాను, అంతే. బొమ్మలు గీసే మా సీనియర్ ఒకరికి టాబ్ తప్ప ఇంకేమీ అక్కర్లేదు, అది నేను కాదనను. ఎవరి పని ఏంటో తేల్చుకోకుండా చాలు అనేశానే, అక్కడ తప్పు చేశాను.

ఆస్బోర్న్ 1 విపరీతంగా అమ్ముడుపోయింది. మంచి ఊపులో ఉన్నప్పుడు నెలకి 10,000 మెషిన్లు. కానీ చాలు అనేది కదలకుండా ఉండే గీత కాదు. 1982లో కేప్రో అనే కంపెనీ అదే 1,795 డాలర్లకి 9 అంగుళాల స్క్రీన్‌తో, 80 అక్షరాల వరసతో మెషిన్ తెచ్చింది. నిన్నటిదాకా చాలనుకున్న 5 అంగుళాలు ఒక్కసారిగా చాలలేదు. ఇంకోపక్క ఐబీఎం సాఫ్ట్‌వేర్ నడిపే పోర్టబుల్‌తో కాంపాక్ దిగింది. 1983 మొదట్లో ఆస్బోర్న్ తన తర్వాతి మోడల్ ఎగ్జిక్యూటివ్ గురించి, అది షాపులకు చేరకముందే చెప్పేశారు. 7 అంగుళాల స్క్రీన్, 80 అక్షరాలు. విన్న డీలర్లు పాత మోడల్ ఆర్డర్లు ఆపేశారు. కొత్తది వచ్చేదాకా ఎవరు కొంటారు? స్టాకు మిగిలిపోయింది, డబ్బు రావడం ఆగిపోయింది. 1983 సెప్టెంబర్‌లో కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. మొదటి మెషిన్ చూపించి అప్పటికి రెండున్నరేళ్ళు కూడా కాలేదు.

ఆస్బోర్న్ ఎఫెక్ట్ అంటే ఇదే. అయితే ఆ ప్రకటన ఒక్కటే ముంచలేదు, కేప్రో అప్పటికే తినేస్తోంది, లోపల డబ్బు లెక్కలు కూడా సరిగా లేవు అని వాదించేవాళ్ళున్నారు. నాకు అదే సబబుగా అనిపిస్తుంది. ఒక మనిషి జీవితంలోంచి ఒక్క పొరపాటు తీసి దానికి ఆయన పేరే పెట్టేయడం ఏం న్యాయం?

పైగా ఆయన ఊరుకోలేదు. 1984లో పేపర్‌బ్యాక్ సాఫ్ట్‌వేర్ అని ఇంకో కంపెనీ పెట్టారు. పేపర్‌బ్యాక్ పుస్తకాల్లాగా సాఫ్ట్‌వేర్ కూడా చవగ్గా దొరకాలన్నది ఆలోచన. లోటస్ 1-2-3 అనే స్ప్రెడ్‌షీట్ 495 డాలర్లుంటే, అలాగే పనిచేసే వీపీ-ప్లానర్‌ని 100 డాలర్లకి అమ్మారు. 1987లో లోటస్ కేసు వేసింది. కోడ్ కాపీ కొట్టారని కాదు, మెనూలు ఒకేలా ఉన్నాయని. 1990లో కోర్టు లోటస్ వైపు తీర్పు చెప్పింది, ఆస్బోర్న్ కంపెనీ నుంచి తప్పుకున్నారు. ఇలాంటి మెనూ గొడవలోనే 1995లో లోటస్ బోర్లాండ్ చేతిలో అప్పీలు కోర్టులో ఓడిపోయింది. అప్పటికి ఈయనకి ఆలస్యమైపోయింది.

మెదడుకి సంబంధించిన జబ్బు పట్టుకుంది. చిన్న చిన్న స్ట్రోకులు వస్తూపోయాయి. 1990ల మొదట్లో ఇండియా తిరిగొచ్చి, చిన్నప్పుడు చదువుకున్న కొడైకెనాల్‌లోనే అక్కచెల్లెళ్ళలో ఒకరైన కాత్యా దగ్గర ఉండిపోయారు. 2003 మార్చి 18న నిద్రలోనే పోయారు. 64 ఏళ్ళు.

మొన్న ఆదివారం నాన్నకి ఫోన్ చేసి నిజం చెప్పేశాను. టాబ్ సరిపోవట్లేదని, తప్పు నాదేనని. తిడతారనుకున్నాను, తిట్టలేదు. కొంచెంసేపు ఆగి, ఇంటర్‌లో ఉన్న తమ్ముడికి టాబ్ పనికొస్తుందిలే అన్నారు. సెకండ్ హ్యాండ్‌ది చాలు, ప్రోగ్రాం రాసుకుంటే నడవాలి, అంతే అని చెప్పాను. బుధవారం మళ్ళీ ఫోన్ చేశారు. షాపతను దసరాకి కొత్త మోడల్స్ వస్తున్నాయి, అప్పటిదాకా ఆగితే పాతవాటి రేటు తగ్గుతుంది అన్నాడట, ఆగుదామా అని అడిగారు. నా ల్యాబ్ ఇంటర్నల్ వచ్చే నెల ఎనిమిదిన. ఆగొద్దు నాన్నా, ఈ శనివారమే వస్తున్నా, కలిసి వెళ్దాం అన్నాను.