రోవర్స్ కప్పును గెలిచిన బడిపంతులు

ఒక్క ఆట ఓడిపోతే మూటాముల్లె సర్దుకొని ఇంటిదారి పట్టవలసిన పోటీలను ఫుట్‌బాలులో నాకౌటు పోటీలంటారు. లీగు పోటీలలో ఈ వారం చేసిన తప్పును వచ్చే వారం దిద్దుకొనవచ్చును. నాకౌటులో ఆ వెసులుబాటు లేదు. కాలు జారిన ఒక్క క్షణం, గాలివాటున పడిన ఒక్క గోలు ఏడాది కృషిని తుడిచిపెట్టగలవు. అటువంటి పోటీని ఒక జట్టు ఒక ఏడు గెలిస్తే అదృష్టమనుకోవచ్చును. హైదరాబాదు పోలీసు జట్టు బొంబాయిలోని రోవర్స్ కప్పును 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేళ్ళు గెలిచింది. ఆ పోటీ చరిత్రలో మరే జట్టుకూ అది సాధ్యం కాలేదు. ఆ జట్టుకు ఆట నేర్పిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిచేత బడిపంతులు.

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బి.ఏ. చదివారు. చదువుకునే రోజులలోనే మంచి ఆటగాడని పేరు తెచ్చుకున్నా, జీవనోపాధికి ఎంచుకున్నది ఉపాధ్యాయ వృత్తినే. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ పాఠశాల, దారుల్ ఉలూం హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు - ఇవన్నీ ఆయన పాఠం చెప్పిన బడులు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా పుచ్చుకొని, చివరి రెండు బడులలో క్రీడల బాధ్యతను కూడా స్వీకరించారు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. ఇంతవరకు ఇది ఏ నగరంలోనైనా కనిపించే ఒక శ్రద్ధగల మాస్టరు కథే.

ఆయన అడుగుపెట్టిన రంగం ఎటువంటిదో ఇక్కడ కొంచెం చెప్పుకోవాలి. మన దేశపు పెద్ద నాకౌటు పోటీలను స్థాపించినవారు ఆంగ్లేయులు, చాలాకాలం గెలిచినవారూ వారే. 1888లో సిమ్లాలో మార్టిమర్ డ్యూరాండ్ పేరిట వెలసిన డ్యూరాండ్ కప్పును మొదట గెలిచింది రాయల్ స్కాట్స్ ఫ్యూజిలియర్స్ పటాలం. 1891లో బొంబాయిలో ఆరంభమైన రోవర్స్ కప్పు తొలి విజేత వూస్టర్‌షైర్ పటాలం. ఆ తరువాత దశాబ్దాల తరబడి విజేతల పట్టికలో పటాలాల పేర్లే కనిపిస్తాయి. 1923లో కలకత్తా మోహన్ బగాన్ రోవర్స్ తుదిపోటీ దాకా వెళ్ళి ఓడిపోయింది. ఆ కప్పు భారతీయుల చేతికి రావడానికి 1937లో బెంగుళూరు ముస్లిమ్స్ జట్టు పుణ్యం కట్టుకోవలసి వచ్చింది. డ్యూరాండ్ కప్పయితే 1940 దాకా చిక్కలేదు. ఆ ఏడు ఢిల్లీలో మహమ్మడన్ స్పోర్టింగ్ దానిని సాధించింది. వెంటనే యుద్ధకాలం వచ్చి డ్యూరాండ్ పోటీలు ఆగిపోయాయి. మళ్ళీ జరిగింది 1950లోనే. స్వతంత్ర భారతంలో జరిగిన ఆ మొదటి డ్యూరాండ్ పోటీలో మోహన్ బగాన్‌ను ఓడించి కప్పు తీసుకొన్నది హైదరాబాదు పోలీసు జట్టు. రహీం ఆ జట్టు శిక్షణభారం వహించిన సంవత్సరం కూడా అదే.

కలకత్తా క్లబ్బులకున్న ధనబలం గాని, లక్షలాది అభిమానుల సందడి గాని ఈ జట్టుకు లేవు. ఉన్నది క్రమశిక్షణ ఒక్కటే. అది కేవలం పోలీసు కవాతు క్రమశిక్షణ కాదు, తరగతి గది క్రమశిక్షణ. ఆ రోజులలో మన ఆటగాళ్ళకు బంతి చిక్కితే దానిని వదలడానికి మనసొప్పేది కాదు. నలుగురిని తప్పించి చప్పట్లు కొట్టించుకోవడమే గొప్ప ఆట అనుకొనేవారు. రహీం ఆ మోజును ఒప్పుకోలేదు. బంతి కాలికి తగిలిన వెంటనే తోటివానికి అందించాలి, అందించినవాడు నిలబడిపోక ఖాళీ చోటికి పరుగెత్తాలి అని ఆయన సిద్ధాంతం. చెప్పి ఊరుకుంటే పిల్లలకు పట్టుబడదని పంతులుకు తెలియనిదా? అందుచేత అభ్యాసాలనే పోటీలుగా మార్చారు. బంతిని కాలితో ఆడిస్తూ ఒంటరిగా పోవడాన్ని నిషేధించి ఒక పోటీ నడిపేవారు. వాటంలేని కాలితోనే ఆడాలని నియమం పెట్టి మరొకటి నడిపేవారు. కుడికాలి వాటం గలవాడు ఎడమకాలితో, ఎడమకాలివాడు కుడికాలితో బంతిని తన్నాలి. చూచేవారికి ఇది నవ్వులాటగా తోచి ఉండవచ్చును. కాని కొన్ని నెలలు గడిచేసరికి ఆటగాడు ఏ కాలివాటమో ఎదుటివానికి పోల్చుకోరాకుండా పోయేది. ఎక్కాలు తలక్రిందులుగా అప్పజెప్పించే పాతకాలపు పంతుళ్ళ పద్ధతికి ఇది దగ్గరి చుట్టమే.

ఈ అభ్యాసం ఫలితాలు కప్పుల పట్టికలో ఉన్నాయి. రోవర్స్ అయిదేళ్ళ వరుస గాక, డ్యూరాండ్ కప్పు 1954లోను, 1957లోను మళ్ళీ వచ్చింది. ఆంధ్రా పోలీసు అని పేరు మారిన తరువాత 1961లో నాలుగవమారు వచ్చింది. రోవర్స్ కప్పు 1957, 1960 సంవత్సరాలలో తిరిగి చేజిక్కింది; 1962లో ఈస్ట్ బెంగాల్‌తో కలిసి పంచుకొన్నారు. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని 1956-57, 1957-58లలో హైదరాబాదు వరుసగా గెలుచుకొన్నది.

జాతీయ జట్టు బాధ్యత కూడా ఆయన మీదనే పడింది. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో ఇరాన్‌ను ఒక్క గోలుతో ఓడించి భారతదేశం స్వర్ణపతకం పొందింది. మరుసటి ఏడు హెల్సింకీ ఒలింపిక్ పోటీలలో యుగోస్లావియా చేతిలో పది గోళ్ళు తిని, ఒక్కటి మాత్రం కొట్టి తిరిగివచ్చింది. మనవారిలో పలువురు ఆ చలిలో, తడిసిన గడ్డిమీద వట్టికాళ్ళతో ఆడారు. ఆ పరాభవం తరువాతనే బూట్లు తప్పనిసరి అయ్యాయి. ఓటమి నేర్పినంత బాగా గెలుపు నేర్పదని పంతుళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. నాలుగేళ్ళలో, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో, అదే దేశం ఆస్ట్రేలియాను దాని సొంత గడ్డపై 4-2తో ఓడించి నాలుగవ స్థానంలో నిలిచింది. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్ వంటి హైదరాబాదు ఆటగాళ్ళతో పాటు ఇరవై ఏళ్ళు నిండీ నిండని తులసీదాస్ బలరాం కూడా ఉన్నాడు.

ఈ బలరాం సంగతి ప్రత్యేకించి చెప్పదగినది. సికింద్రాబాదు శివార్లలోని అమ్ముగూడ పల్లెలో పేద కుటుంబంలో పుట్టిన కుర్రవాడు. అతని ఆట రహీం కంట పడింది. శిక్షణకు రమ్మన్నారు, రావడానికి నగరం దూరం, చేతిలో కాసు లేదు. సైకిలు అద్దెకు కావలసిన డబ్బు రహీమే ఇచ్చారు. చుని గోస్వామి, పి.కె. బెనర్జీలతో సమంగా దేశం చెప్పుకొనే క్రీడాకారుడు మనకు దక్కింది ఆ సైకిలు అద్దె వలన.

1960లో రోమ్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్‌తో 1-1గా సరిసమానం చేయగలిగినా, జట్టు తొలి దశ దాటలేదు. 1962లో ఆసియా క్రీడలకు జకార్తా వెళ్ళేనాటికి రహీం ఆరోగ్యం చెడిపోయి ఉంది. ఊపిరితిత్తులలో క్యాన్సరు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా 2-0తో మనవారిని ఓడించింది. అదృష్టవశాత్తు అది నాకౌటు దశ కాదు. తరువాత థాయిలాండ్‌ను, జపాన్‌ను గెలిచారు. థాయిలాండ్‌తో ఆడుతూండగా రక్షణశ్రేణికి స్తంభమైన జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. ఇక ఓడితే స్వర్ణం ఆశ వదులుకోవలసిన ఘట్టంలో రహీం చేసిన నిర్ణయం సాహసమనే చెప్పాలి: రక్షకుడైన జర్నైల్‌ను ముందు వరుసలో గోళ్ళు కొట్టడానికి నిలిపారు. సెమీ ఫైనలులో దక్షిణ వియత్నాంపై 3-2తో గెలుపు దక్కింది.

ఆట బయట పరిస్థితి మరీ విషమం. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను రానీయని ఇండోనేషియా ప్రభుత్వ వైఖరిని ఆసియా క్రీడల సమాఖ్యలోని భారతీయ ప్రతినిధి జి.డి. సోంధీ తప్పుపట్టడంతో, ఆ కోపమంతా భారత బృందం మీదకు మళ్ళింది. ఒక గుంపు భారత రాయబార కార్యాలయం మీద దాడి చేసింది. సెప్టెంబరు 4న తుదిపోటీకి లక్షమంది ప్రేక్షకులు వచ్చి, భారతీయులకు బంతి అందినప్పుడల్లా గేలి చేశారు. ఆ జనసముద్రంలో మనవారిని ప్రోత్సహించినవారు పాకిస్తాన్ హాకీ ఆటగాళ్ళు! పదిహేడవ నిమిషంలో బెనర్జీ, ఇరవయ్యవ నిమిషంలో కుట్లు పడిన తలతోనే జర్నైల్ గోళ్ళు చేశారు. కొరియా ఆలస్యంగా ఒకటి తిరిగి కొట్టింది గాని అది చాలలేదు. ఆనాటి తరువాత ఇంతవరకు ఆసియా క్రీడల ఫుట్‌బాలు స్వర్ణం భారతదేశానికి మళ్ళీ రాలేదు.

జకార్తా నుండి తిరిగివచ్చిన తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న, రహీం మరణించారు. వయసు యాభైనాలుగేళ్ళయినా నిండలేదు. ఆయన కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం రోమ్ జట్టు సభ్యుడు. తండ్రి దారిలోనే శిక్షకుడై 2021లో కన్నుమూశారు. 2024లో హిందీ చలనచిత్రం ఒకటి వచ్చేదాకా రహీం పేరు క్రొత్త తరం పిల్లలలో ఎక్కువమంది విననే లేదు.

గురువు పోయిన ఏడాది, 1963లో, ఆంధ్రా పోలీసు జట్టు బొంబాయి వెళ్ళి రోవర్స్ కప్పును మరొకమారు గెలిచింది. ఆయన నేర్పిన అడుగులు అప్పటికి ఆటగాళ్ళ కాళ్ళలో ఉన్నాయి. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీని కూడా తెచ్చుకొంది. ఆపైన క్రమంగా కళ తగ్గింది. మంచి ఆటగాళ్ళు కలకత్తా క్లబ్బులకు వలసపోవడం ఆయన ఉన్నప్పుడే మొదలైంది. పోయినవారి చోట క్రొత్తవారిని బడి మైదానాల నుండి వెతికి తెచ్చే మనిషి మాత్రం ఇప్పుడు లేడు. హైదరాబాదు పోలీసులకు రోవర్స్ విజయాలు మొత్తం తొమ్మిది. పదవది రాలేదు. కొన్ని దశాబ్దాలకు ఆ పోటీయే నిలిచిపోయింది.