ఆదికాండము నుండి మొదలు పెట్టమన్న పునీత అగుస్తీను



ఆగస్టు 27న పునీత మోనికమ్మ పండుగ. మరునాడు ఆమె కుమారుడు పునీత అగుస్తీను పండుగ. తల్లి కార్చిన కన్నీటిని గురించి, దారి తప్పి తిరిగి వచ్చిన కొడుకును గురించి ప్రతి సంవత్సరం ప్రసంగాలలో వింటూనే ఉన్నారు. ఈ వారం ఆ పునీతుని జీవితంలో మనం అంతగా పట్టించుకోని ఒక భాగం చెబుతాను. అది అగుస్తీనుకు, బైబులుకు మధ్య జరిగిన కథ. బైబులును విప్పి, చిన్నచూపు చూసి, మూసివేసినవాడు, తరువాత దానినంతటినీ ఒకే కథగా చదవడం నేర్చుకొన్నాడు. ఆ పైన దానిని ఊరివారికి ఎలా చెప్పాలో ఒక ఉపదేశకునికి కూడ నేర్పించాడు.

ఇప్పుడు ఇదెందుకంటే, ఒక చిన్న పరీక్ష పెట్టి చూడండి. మేడ్చల్‌లోగాని, శామీర్‌పేటలోగాని, చుట్టుప్రక్కల ఏ పల్లెలోగాని మన పిల్లవాడిని పిలిచి అడగండి. దావీదు గొల్యాతును వడిసెలతో కొట్టిన కథ చక్కగా చెబుతాడు. యోనాను చేప మ్రింగిన కథ ఇంకా బాగా చెబుతాడు. అబ్రహాము ముందా, దావీదు ముందా అంటే తల గోక్కుంటాడు. మోషేకు, యేసు ప్రభువుకు ఏమిటి సంబంధమంటే అమ్మ వైపు చూస్తాడు. అమ్మ నాన్న వైపు చూస్తుంది. ఇంటిలో పూసలు చాలానే ఉన్నాయి, వాటిని గుచ్చే దారమే లేదు. ఇంతలో ఎవరో ఒకరు ఒకే ఒక్క వచనం చేతపట్టుకొని వాకిట్లోకి వచ్చి, దీనికేమి చెబుతారని అడుగుతారు. ఇల్లంతా కలవరపడుతుంది.

అగుస్తీను కూడ సరిగ్గా ఇలాగే కలవరపడ్డాడు.

ఆయన 354 నవంబరు 13న ఉత్తర ఆఫ్రికాలోని తగాస్తె అనే చిన్న పట్టణంలో పుట్టాడు. నేడది అల్జీరియా దేశంలో ఉంది. తండ్రి పత్రీసియు అప్పటికి క్రైస్తవుడు కాడు. తల్లి మోనికమ్మ బిడ్డను శ్రీసభ ముంగిటి వరకు తీసుకొని వెళ్ళింది గాని, ఆనాటి వాడుక ప్రకారం జ్ఞానస్నానం వాయిదా పడింది. కుర్రవాడు తెలివైనవాడు. కార్తేజు నగరంలో చదువుకుంటూ 19వ ఏట సిసెరో వ్రాసిన ఒక గ్రంథం చదివి, సత్యం కోసం తపించిపోయాడు. తల్లి నేర్పిన క్రీస్తు నామం మనసులో ఉంది గనుక బైబులు తెరిచాడు. అప్పటి పాత లతీను అనువాదం నాటుగా ఉండేది. సిసెరో వాక్యాల సొగసుకు అలవాటు పడ్డ ఆ విద్యార్థికి అది చదువురానివారి మాటలాగ తోచింది. మూసి ప్రక్కన పెట్టాడు.

ఆ సమయంలోనే మనికేయులు తగిలారు. బైబులును రెండు ముక్కలు చేయడం వారి పద్ధతి. పూర్వనిబంధములోని ఒక వచనం తీసేవారు, దాని ప్రక్కన నూతననిబంధములోని మరొక వచనం పెట్టేవారు, రెండూ పొసగడం లేదు చూడండి అనేవారు. పితరుల నడవడికను చూపి నవ్వేవారు. లోకాన్ని సృష్టించిన దేవుడు వేరు, క్రీస్తు తండ్రి వేరు అన్నంతవరకు పోయారు. అగుస్తీనువంటి మేధావి దాదాపు తొమ్మిది సంవత్సరాలు వారి వెంట తిరిగాడు. చదువు తక్కువై కాదు సుమా! ఒక్కొక్క వచనానికి జవాబు ఆయనకు దొరకకపోవచ్చు గాని, అసలు ఆ వచనం ఏ కథలోనిదో ఆయనకు చెప్పినవారే లేరు.

384లో ఇటలీలోని మిలాను నగరంలో అలంకారశాస్త్ర బోధకునిగా ఉద్యోగం దొరికింది. అక్కడి పీఠాధిపతి పునీత అంబ్రోసు మంచి వక్త అని విని, ఆయన మాటతీరు పరీక్షించడానికి గుడికి వెళ్ళాడు. మాటతీరు కోసం వెళ్ళినవానికి విషయం పట్టుకొన్నది. తాను నవ్విన పూర్వనిబంధ ఘట్టాలే క్రీస్తు వైపు నడుస్తున్నట్లు అంబ్రోసు విప్పి చెబుతుంటే ఆశ్చర్యపోయాడు. 386లో ఒక తోటలో ఏడుస్తూ, పునీత పౌలు రోమీయులకు వ్రాసిన లేఖ చేతిలోకి తీసుకొన్న సంగతి మీకు తెలిసినదే. ఆ తరువాత జరిగినది మాత్రం చాలామందికి తెలియదు. జ్ఞానస్నానానికి సిద్ధపడుతూ, ఏ గ్రంథం చదవాలో చెప్పమని అంబ్రోసుకు జాబు వ్రాశాడు. యెషయా ప్రవక్తను చదవమని ఆయన సలహా ఇచ్చాడు. అగుస్తీను చదివాడు. మొదటి భాగమే అర్థం కాలేదు. మిగిలినదంతా ఇంతేనేమో అనుకొని, ప్రభువు మాటలకు కాస్త అలవాటు పడ్డాక చదువుదామని ప్రక్కన పెట్టాడు. బైబులు తెరిచి, అర్థం కాక, దిగులుపడి మూసివేసిన ప్రతి అమ్మకు, ప్రతి అయ్యకు ఈ సంగతి చెప్పాలని నాకనిపిస్తుంది. 387 పాస్క పండుగ జాగరణ రాత్రి అంబ్రోసు చేతులమీదుగా జ్ఞానస్నానం పొందాడు. అదే సంవత్సరం మోనికమ్మ ఓస్తియా రేవులో కన్నుమూసింది.

ఆఫ్రికాకు తిరిగి వచ్చి మిత్రులతో కలిసి ప్రార్థన, చదువులతో గడుపుతున్నాడు. పీఠాధిపతి లేని పట్టణాలకు వెళితే జనం పట్టుకొని కూర్చోబెడతారని భయపడి, అటువంటి చోటికి పోయేవాడు కాదు. 391లో హిప్పో నగరానికి ధైర్యంగా వెళ్ళాడు, అక్కడ వలేరియు అనే వృద్ధ పీఠాధిపతి ఉన్నాడు కదా అని. ఆయన గ్రీకువాడు, లతీను సరళంగా రాదు. తనకు ఒక గురువు కావాలని గుడిలో చెప్పాడు. అంతే! జనం అగుస్తీనును పట్టుకొని ముందుకు తోశారు. ఆయన కన్నీరు పెట్టుకొన్నాడు. పీఠాధిపతి పదవి రాక గురుపట్టంతోనే సరిపెట్టారని ఏడుస్తున్నాడనుకొని కొందరు ఓదార్చారట! జనం తీరు ఏనాడైనా ఒకటే.

ఇక్కడే మనం కాసేపు ఆగాలి. ఆనాటికి అగుస్తీనుకు 36 ఏండ్లు. తత్త్వశాస్త్రంలో, వాక్చాతుర్యంలో ఆయనకు సాటి వచ్చేవారు ఆఫ్రికాలో అరుదు. నేను గురువిద్యాలయంలో తత్త్వశాస్త్రం చదివిన రోజులలో మాకు అగుస్తీను అంటే కాలమంటే ఏమిటో, కీడు ఎక్కడినుండి వచ్చిందో విచారించిన మహామేధావి. అంతటివాడు గురుపట్టం అందుకోగానే వలేరియుకు ఒక లేఖ వ్రాశాడు. నా రక్షణకు కావలసినది నాకు తెలుసు, ఇతరుల రక్షణకోసం దానిని ఎలా అందించాలో తెలియదు, అందుచేత లేఖనాలు చదువుకోవడానికి పాస్క పండుగ వరకు గడువు ఇప్పించండని ఆ లేఖ సారాంశం. బ్రతిమాలి వ్రాశాడు. జబ్బుపడినవాడు మందు అడిగినట్లు అడిగాడు. గురువుల బాధ్యత పైకి తేలికగా కనిపిస్తుందని, దానిని పొగడ్తల కోసం నడిపితే దేవుని యెదుట దానికంటె దౌర్భాగ్యం మరొకటి లేదని అందులోనే ఒప్పుకొన్నాడు. ఆ లేఖ నేటికీ ఉన్నది. గురువులమైన మేము ఏడాదికొకసారైనా చదువుకోవలసిన లేఖ.

గడువు పూర్తయ్యాక వలేరియు ఆయన చేత ప్రసంగాలు చేయించాడు. పీఠాధిపతి ఉండగా గురువు ప్రసంగించడం ఆఫ్రికాలో అప్పటికి ఆచారం కాదు, కొందరు సణిగారు. తరువాత ఆయనే హిప్పో పీఠాధిపతి అయ్యాడు. పొలాలలో పనిచేసేవారు, రేవు కూలీలు, వ్యాపారులు ఆయన శ్రోతలు.

సుమారు 400 ప్రాంతంలో కార్తేజు నుండి దేయోగ్రాసియాస్ అనే డీకను ఒక జాబు వ్రాశాడు. లతీను పూజ గుర్తున్న పెద్దలకు ఆ పేరు వింటే నవ్వు వస్తుంది. దేవునికి కృతజ్ఞతలు అని దాని అర్థం. క్రైస్తవులు కావాలని కొత్తగా వచ్చేవారిని ఆయన వద్దకు పంపేవారు. చక్కగా చెబుతాడని పేరు. ఆయన బాధ మాత్రం వేరు. ఎక్కడ మొదలు పెట్టాలి, ఎక్కడ ఆపాలి, చివర హితబోధ చేయాలా లేక ఆజ్ఞలు చెప్పి ఊరుకోవాలా? చెబుతూ చెబుతూ తనకే విసుగు పుడుతున్నదట! మన ఉపదేశులు ఎవరైనా ఈ జాబు వ్రాసి ఉండవచ్చు. అగుస్తీను తీరిక చేసుకొని ఒక చిన్న గ్రంథమే జవాబుగా పంపాడు.

ఆ జవాబులోని ముఖ్య సంగతి ఇది. దేవుడు ఆదిలో భూమ్యాకాశములను సృష్టించిన దగ్గర మొదలు పెట్టు, నేటి శ్రీసభ వరకు చెప్పు. అలాగని ఆదికాండము, నిర్గమకాండము, రాజుల గ్రంథాలు అన్నీ వల్లె వేయనక్కరలేదు, అంత సమయమూ లేదు. కథ మలుపు తిరిగే చోట్లు ఏరుకో. అక్కడ నిదానించు, మూట విప్పి చూపినట్లు చూపించు. మిగిలినది త్వరగా దాటిపో. దారి మొత్తం ఆరు యుగాలు. ఆదాము నుండి నోవా వరకు, నోవా నుండి అబ్రహాము వరకు, అబ్రహాము నుండి దావీదు వరకు, దావీదు నుండి బబులోనియా ప్రవాసం వరకు, ప్రవాసం నుండి క్రీస్తు రాక వరకు అయిదు. ఆరవది క్రీస్తు నుండి లోకాంతం వరకు. వినేవాడు, చెప్పేవాడు, ఇద్దరూ ఆ ఆరవ యుగంలోనే నిలబడి ఉన్నారు. కథ వారి కాళ్ళ దగ్గరకు వచ్చి చేరుతుంది. ఇంతకూ ఈ కథ అంతా ఎందుకు జరిగిందంటే, దేవుడు మనలను ఎంత ప్రేమించాడో తెలియడానికి, తెలిసి మనం ఆయనను, పొరుగువారిని ప్రేమించడానికి. ప్రతి ఘట్టాన్నీ ఆ గురి వైపు త్రిప్పమన్నాడు.

తెలంగాణ వారికి ఇది కష్టమైన సంగతి కాదు. ఒగ్గు కథ చెప్పేవారు మల్లన్న కథను నడిమధ్య ఎత్తుకొని ఒక ముక్క చెప్పి లేచిపోరు. పుట్టుక నుండి ఎత్తుకొంటారు, తెల్లవారేవరకు జనం కదలరు. మన తాతలు అక్షరం రాకున్నా అంత పెద్ద కథల వరుస తప్పక జ్ఞాపకం పెట్టుకొన్నారు. మన గుడిలో ఆదివారం మొదటి పఠనం అయిదు నిమిషాలు, అది కూడ వారానికొక గ్రంథం నుండి. కథ తెలిసినవానికి ఆ ముక్క ఇంపుగా ఉంటుంది. తెలియనివానికి అది వచ్చి పోయిన బస్సు వంటిది.

అగుస్తీను మనుషులను బాగా ఎరిగినవాడు. వచ్చినవాడు ఎందుకు వచ్చాడో మొదట అడుగు అన్నాడు. లాభం కోసం వచ్చి, భక్తి కోసమని బొంకినా, ఆ బొంకునే ఆధారం చేసుకొని, నిజంగానే దానిని కోరుకొనేటట్లు చెప్పు. చదువుకొన్నవాడు వస్తే ఏమేమి చదివాడో కనుక్కో, తెలిసినదే మళ్ళీ చెప్పి విసిగించకు. భాషాపండితులు వస్తే, గుడిలో ఎవరైనా వ్యాకరణం తప్పి ప్రార్థించినప్పుడు నవ్వకూడదని నేర్పు, దేవుడు హృదయపు స్వరమే వింటాడని చెప్పు. బైబులు భాషను చూసి ఒకప్పుడు మొగం చిట్లించినవాడే ఈ మాట చెబుతున్నాడు చూడండి! మన ఉపదేశుల పల్లె యాస విని ముసిముసిగా నవ్వే కాలేజీ పిల్లలు గమనించాలి. వినేవాడు ఆవులిస్తే ఒక సరదా మాట చెప్పు, లేదా కూర్చోబెట్టు. ఆఫ్రికా గుడులలో జనం నిలబడే వినేవారు. సముద్రానికి అవతల కొన్ని చోట్ల కూర్చొని వినడమే మేలైన పద్ధతి అని ఆయన మెచ్చుకొన్నాడు.

చెప్పినదే చెప్పి విసుగు పుడుతుందన్నాడే దేయోగ్రాసియాస్, దానికిచ్చిన జవాబు అన్నిటికంటె నాకు నచ్చినది. మనం రోజూ చూసి పట్టించుకోని అందమైన చోట్లను, ఎన్నడూ చూడని స్నేహితునికి చూపించేటప్పుడు, అతని సంతోషం వలన మనకూ అవి కొత్తవైపోతాయి కదా అన్నాడు. మీ ఇంటికి చుట్టాలు వస్తే శామీర్‌పేట చెరువు కట్టమీదికి తీసుకొని వెళతారు. మీరు వందసార్లు చూసిన నీళ్ళే. చుట్టాల పిల్లవాడు కేక వేసినప్పుడు మాత్రం మీరు కూడ తలెత్తి మళ్ళీ చూస్తారు. చెప్పేవానికి ప్రేమ ఉంటే పాత కథ పాతబడదు. ఆ గ్రంథం చివర, ఇలా చెప్పవచ్చునని పెద్దది ఒకటి, చిన్నది ఒకటి, రెండు మాదిరి ఉపదేశాలు కూడ వ్రాసి ఇచ్చాడు. సమయం లేదనే సాకు దేయోగ్రాసియాస్‌కు మిగలలేదు.

తరువాతి సంగతులు త్వరగా చెబుతాను. 410లో రోము నగరం గోతుల చేతికి చిక్కినప్పుడు, క్రైస్తవుల వలననే ఈ అనర్థమని అన్యులు నిందించారు. దానికి జవాబుగా 22 భాగాల దైవనగరం వ్రాశాడు. దేయోగ్రాసియాస్‌కు చెప్పిన కథే అందులో మహానదిగా పారింది. పాఠకులకు మార్గం చూపే మరొక గ్రంథంలో, ముందుగా బైబులు మొత్తం చదవండి, అర్థం కాకపోయినా ఏ గ్రంథంలో ఏమున్నదో తెలుసుకోండి, తేలికైనవాటి వెలుగులో కష్టమైనవి చూడండి అని నేర్పాడు. యెషయాను మూసిపెట్టిన అనుభవం ఊరికే పోలేదు.

1965 నవంబరు 18న రెండవ వాటికన్ మహాసభ దైవవాక్కును గురించి ప్రకటించిన పత్రంలో, గురువులు, డీకనులు, ఉపదేశులు లేఖనాలను అంటిపెట్టుకొని చదవాలని చెప్పిన చోట పేర్కొన్నది ఈయన మాటనే. లోపల వినకుండ పైకి మాత్రం బోధించేవాడు ఉత్త బోధకుడని దాని భావం. 2021 మే 10న ఫ్రాన్సిస్ పోపుగారు ఉపదేశి సేవను శ్రీసభలో నియమిత పరిచర్యగా స్థాపించారు. 2025 మే 8న ఎన్నికైన 14వ లియో పోపుగారు అగుస్తీను సభ సభ్యులే. ఇక్కడ ఒక ప్రక్క నాగపూరు రహదారి వెంట, మరొక ప్రక్క కరీంనగరు రహదారి వెంట కొత్త కాలనీలు లేస్తున్నాయి, కంపెనీల పనికి ఎక్కడెక్కడి కుటుంబాలో వచ్చి చేరుతున్నాయి. వారి పిల్లలకు ఆదినుండి చెప్పేవారు కావాలి. గురువు ఒక్కడి వలన అయ్యే పని కాదు. రాత్రి భోజనమయ్యాక ఇంటిలో ఒక ఘట్టం చొప్పున, ఆదాము నుండి మొదలు పెట్టి వరుసగా చెప్పుకుంటే, ఆగమన కాలం వచ్చేసరికి బేత్లెహేము చేరవచ్చు. లెక్క వేసి చూడండి.

430లో వండలు జాతివారు హిప్పోను ముట్టడించారు. మూడవ నెలలో అగుస్తీను జ్వరంతో మంచం పట్టాడు. దావీదు పశ్చాత్తాప కీర్తనలు వ్రాయించి, పడుకొన్న చోటునుండి కనిపించేలా గోడకు పెట్టించుకొన్నాడు. వైద్యులు వచ్చేటప్పుడు, భోజనం తెచ్చేటప్పుడు తప్ప ఎవరినీ లోపలికి రానివ్వవద్దని చెప్పి, చివరి పది రోజులు వాటిని చదువుకుంటూ కన్నీటితో గడిపాడు. ఆగస్టు 28న మరణించాడు. వీలునామా వ్రాయలేదు, వ్రాయడానికి ఆస్తి లేదు. గుడిలోని గ్రంథాలను మాత్రం తరువాత వచ్చేవారి కోసం జాగ్రత్తగా కాపాడమని ఎప్పుడూ చెబుతుండేవాడని, ఆయనతో కలిసి జీవించిన పొసిదియు పీఠాధిపతి వ్రాసి పెట్టాడు.