చూపు నిలిచే చోటెరిగిన రాజా దీన్‌దయాళ్
సరదాగా కెమెరా పట్టి... ఆరో నిజాం మెప్పు పొందిన ఛాయాచిత్రకారుడు

గోపాల్‌పేట: సెల్‌ఫోన్ చేతిలో ఉన్న ప్రతివారూ నేడు ఛాయాగ్రాహకులే. వనపర్తి రాజప్రాసాదం, పానగల్ కోట, గద్వాల కోట, సోమశిల వద్ద కృష్ణాతీరం... సెలవుదినం వస్తే చాలు, ఎక్కడ చూసినా చిత్రాలు తీసే యువతే కనిపిస్తుంది. దృశ్యమంతా చిత్రంలో ఇముడుతుంది గానీ చూసేవారి కన్ను ఎక్కడ నిలవాలో తెలియదు. ఈ చిక్కును సుమారు 140 ఏళ్ల క్రితమే గాజు పలకలపై విడదీసి చూపిన మేటి రాజా దీన్‌దయాళ్. ఆయనను ఆదరించిన ప్రభువు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్. పాలమూరుకు 1890లో మహబూబ్‌నగర్ అన్న పేరు వచ్చింది ఆ ప్రభువు మీదుగానే. నాడు సంస్థాన కేంద్రంగా ఉన్న గోపాల్‌పేట నిజాం ఏలుబడిలోనిదే. 2016లో వనపర్తి జిల్లా ఏర్పడే వరకు ఈ ప్రాంతం మహబూబ్‌నగర్ జిల్లాలోనే కొనసాగింది.

నక్షాలు నేర్పిన చూపు

దీన్‌దయాళ్ 1844లో మీరట్ సమీపంలోని సర్దానాలో జన్మించారు. వారిది నగల వ్యాపారం చేసే జైన కుటుంబం. రూర్కీలోని థామసన్ ఇంజినీరింగ్ కళాశాలలో చదివి, 1866లో ఇండోర్‌లో ప్రభుత్వ ఉద్యోగంలో చేరారు. కట్టడాల నక్షాలు గీయడం, వ్యయ అంచనాలు కట్టడం ఆయన విధి. 1874 ప్రాంతంలో తీరిక వేళల్లో సరదాగా కెమెరా పట్టారు. ఇండోర్ మహారాజు రెండో తుకోజీరావు హోల్కర్, ఆంగ్ల అధికారి సర్ హెన్రీ డేలీ ప్రోత్సాహం ఆయనకు అండగా నిలిచింది. కట్టడం ఎత్తు, వెడల్పు, బరువు ఎక్కడ ఆనుతుందో కాగితంపై గీసి ఎరిగిన చేయి అది. ఆ క్రమశిక్షణ ఆయన ఛాయాచిత్రాల్లో స్పష్టంగా కనిపిస్తుంది.

ఒక్క పలక... ఒక్క అవకాశం

ఆ రోజుల్లో ఆరుబయట చిత్రం తీయడం సామాన్యమైన పని కాదు. బరువైన చెక్క కెమెరా, ముక్కాలి పీట, గాజు పలకలు, రసాయనాలు, చీకటి గుడారం వెంట మోయించుకోవాలి. గాజుపై పూసిన రసాయనం తడి ఆరకముందే చిత్రం తీసి, అక్కడికక్కడే కడగాలి. తర్వాతి కాలంలో పొడి పలకలు వచ్చి శ్రమ కొంత తగ్గినా, తీసే ప్రతి చిత్రానికీ ఒక పలక ఖర్చు కావాల్సిందే. అందుకే మీట నొక్కడం కంటే నిలబడే చోటు ఎంచుకోవడానికే ఎక్కువ సమయం పట్టేది.

నల్లగుడ్డ కప్పుకుని చూస్తే కెమెరా వెనుక అద్దంపై దృశ్యం తలకిందులుగా కనిపించేది. అలా చూసినప్పుడు ఇది గుడి, ఇది మనిషి అన్న ధ్యాస తగ్గి, వెలుగునీడల తూకమే కంటికి ఆనుతుంది. నాటి పలకలు నీలి కాంతికి అధికంగా స్పందించేవి. దాంతో ఆకాశం తెల్లగా, ఖాళీగా పడేది. మబ్బుల అందంపై ఆధారపడే వీలులేక, ఆ తెలుపుపై కట్టడం అంచు ఎలా పడుతుందన్నదే ముఖ్యమైంది.

కన్ను నిలిచేదిలా

1880 దశకం ఆరంభంలో సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట బుందేల్‌ఖండ్ ప్రాంతమంతా తిరిగి దీన్‌దయాళ్ పురాతన కట్టడాలను చిత్రించారు. ఆ చిత్రాలతో మధ్య భారత కట్టడాలపై గ్రిఫిన్ గ్రంథం 1886లో వెలువడింది. కట్టడాన్ని ఓ మూల నుంచి తీస్తే రెండు ముఖాలూ కనిపించి, చిత్రానికి లోతు వస్తుంది. విశాలమైన గోడ చెంత ఒకరిద్దరిని కదలకుండా కూర్చోబెడితే, కన్ను ముందు మనిషిపై నిలిచి, ఆపై గోడ వెంట పైకి సాగుతుంది. ద్వారం ఎంత ఎత్తో మాట అవసరం లేకుండానే తెలుస్తుంది. చార్మినార్ వంటి చోట వీధికి ఇరువైపులా ఉన్న వరుసలే చూపును మీనార్ల వద్దకు నడిపిస్తాయి. ఈ కిటుకులన్నింటినీ ఎరిగి వాడుకున్న నేర్పు ఆయనది.

కొలువు వదిలి... కెమెరా చేపట్టి

పేరు వస్తున్న దశలో దీన్‌దయాళ్ భద్రమైన ప్రభుత్వ కొలువును వదులుకుని, గాజు పలకలనే జీవనాధారం చేసుకున్నారు. 1880 దశకంలోనే సికింద్రాబాద్‌లో స్టూడియో తెరిచారు. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో హైదరాబాద్‌లో ప్రత్యేక స్టూడియో నెలకొల్పి, నిర్వహణను మహిళకే అప్పగించారు. 1896లో బొంబాయిలో శాఖ ప్రారంభించారు. నిజాం ఆయనను రాజా బహదూర్, ముసవ్విర్ జంగ్ బిరుదులతో సత్కరించారు. విక్టోరియా మహారాణి నుంచీ గుర్తింపు లభించింది. దర్బారులు, వేట విడిదులే కాక కరువు సహాయ పనులనూ ఆయన కెమెరా నమోదు చేసింది. 1905లో ఆయన కన్నుమూశారు.

కట్టడం కూలినా... చిత్రం నిలిచింది

దీన్‌దయాళ్ చిత్రించిన హైదరాబాద్ బషీర్‌బాగ్ ప్యాలెస్ నేడు లేదు. ఆ ప్రాంతానికి పేరు మాత్రమే మిగిలింది. ఆ మేడ ఎలా ఉండేదో నేటి తరం చూడగలుగుతోందంటే ఆయన చిత్రాల చలవే. ఆయన సంస్థకు చెందిన 2,857 గాజు నెగెటివ్‌లను ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం 1989లో సేకరించి భద్రపరిచింది. 2006లో తపాలా శాఖ ఆయన స్మారకంగా బిళ్ల విడుదల చేసింది.

పాలమూరు సంస్థానాల నాటి కోటలు, బురుజులు, మెట్లబావులు ఏటి వానకు ఆ ఏడు కొంత కరుగుతూనే ఉంటాయి. వాటి ముందు నిలిచి ఫోన్ తీసేవారు ముందుగా ఒకసారి చుట్టూ తిరిగి చూసి, చిత్రంలో ముఖ్యమైనది ఒక్కటే ఎంచుకోవాలి. మిగతావన్నీ దాని వైపు చూపును నడిపించేలా నిలబడాలి. కొలత తెలిసేలా పక్కన ఒక మనిషిని ఉంచాలి. ఉదయమో సాయంత్రమో ఏటవాలు ఎండ కోసం ఓపిక పట్టాలి. అలా తీసిన చిత్రం రేపు ఆ గోడ కూలిన నాడు ఊరికి మిగిలే సాక్ష్యమవుతుంది.