డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

మెదక్ పట్టణానికి చేరువలోని ఏడుపాయల వద్ద మంజీరా నది రాతి గుట్టల నడుమ ఏడు పాయలుగా చీలుతుంది. వనదుర్గాభవానిని దర్శించవచ్చిన యాత్రికునికి ఆ పాయలు వేరువేరుగా కనిపిస్తాయి. కాని వాటిలో ప్రవహించేది ఒకే నీరు. కొందరు మహనీయుల జీవితాలూ అటువంటివే. పైకి భిన్నంగా తోచే వారి కృషి అంతా ఒకే వేదన నుండి పుట్టి ఉంటుంది. గుండెను కొట్టించే శక్తి ఎక్కడి నుండి వస్తుందో తెలిపిన పరిశోధన, రక్తహీనతకు మందు, బోదకాలు వ్యాధికి మందు, పసిపిల్లల రక్త క్యాన్సరుకు తొలి చికిత్స - ఇన్ని పాయలుగా ప్రవహించిన వైద్యశాస్త్రవేత్త డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తల్లిదండ్రులు వెంకమ్మ, జగన్నాథం. తండ్రి రెవిన్యూ శాఖలో చిరుద్యోగి. అనారోగ్యం వల్ల ఆయన ఉద్యోగం మానుకోవలసి రావడంతో ఏడుగురు పిల్లలున్న ఆ కుటుంబం ఇబ్బందుల పాలైంది. సుబ్బారావు బాల్యంలో చదువుపై మనసు నిలిపిన విద్యార్థి కారు. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు తప్పారు. తల్లి పట్టు విడువలేదు. చివరకు మద్రాసులోని హిందూ ఉన్నత పాఠశాలలో చదివి మూడవ ప్రయత్నంలో ఉత్తీర్ణులయ్యారు. ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో రామకృష్ణ మఠం వైపు ఆకర్షితులై సన్యసించాలని తలచారు. అందుకు తల్లి అంగీకరించలేదు. సేవకు సన్యాసమొక్కటే మార్గం కాదని గ్రహించి ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చేరారు.

కళాశాలలో ఆయనకు రెండు గాయాలు తగిలాయి. గాంధీజీ పిలుపునందుకొని ఖద్దరు ధరించినందుకు ఒక ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. ఫలితంగా 1921లో ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టా కాక, తక్కువస్థాయిదైన ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే దక్కింది. రెండవ గాయం అంతకంటె లోతైనది. సోదరులు పురుషోత్తం, కృష్ణమూర్తి కొద్దిరోజుల తేడాతో స్ప్రూ అనే వ్యాధికి బలయ్యారు. ఆ వ్యాధి సోకినవారి పేగులు ఆహారసారాన్ని గ్రహించలేవు. రోజురోజుకు రక్తం క్షీణించి మనిషి కృశించిపోతాడు. వైద్యం నేర్చిన చేతులు ఉండి కూడా తోబుట్టువులను కాపాడుకోలేని నిస్సహాయత ఆయనను కలచివేసింది. మందు ఇవ్వడమే కాదు, లేని మందును కనుగొనడం తన కర్తవ్యమని ఆయన నిశ్చయించుకున్నారు.

కొంతకాలం మద్రాసు ఆయుర్వేద కళాశాలలో బోధించిన పిమ్మట, మామగారి తోడ్పాటుతోను, కాకినాడలోని ఒక ధర్మసంస్థ సహాయంతోను సుబ్బారావు 1922 అక్టోబరులో అమెరికాలోని బోస్టన్ నగరం చేరారు. అప్పటికి భార్య శేషగిరి గర్భవతి. తరువాత పుట్టిన కుమారుడు పసితనంలోనే మరణించాడు. ఆ బిడ్డను తండ్రి చూడనే లేదు. భార్యాభర్తలు మళ్లీ కలుసుకోలేదు. విజ్ఞానానికి ఆ కుటుంబం చెల్లించిన మూల్యం అది. ఆ మూల్యంలో అధికభాగం మోసినది శేషగిరి.

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వ్యాధుల శాస్త్రం చదువుతూ, పొట్టపోసుకోవడానికి ఆయన రాత్రివేళ ఆసుపత్రిలో కూలిపని చేశారు. ఆ చదువు ముగిశాక సైరస్ ఫిస్క్ వద్ద జీవరసాయనశాస్త్ర విభాగంలో చేరారు. 1925లో వారిద్దరూ రక్తంలోను, మూత్రంలోను ఉండే భాస్వరాన్ని కొలిచే సులభమైన పద్ధతిని ప్రకటించారు. ద్రావణంలో పుట్టే నీలిరంగు చిక్కదనాన్ని బట్టి భాస్వరం పరిమాణాన్ని తెలుసుకోవడం అందులోని కిటుకు. ఫిస్క్ - సుబ్బారావు పద్ధతిగా అది ప్రపంచ ప్రసిద్ధి పొందింది.

ఆ చిన్న కొలబద్ద ఒక పెద్ద రహస్యాన్ని విప్పింది. కండరంలోని భాస్వరాన్ని కొలుస్తుండగా అంతవరకు ఎవరూ ఎరుగని ఒక పదార్థం వారికి తారసపడింది. అదే 1927లో వెలుగుచూసిన ఫాస్ఫోక్రియాటిన్. 1929లో వారు కండరం నుండి అడినోసిన్ ట్రైఫాస్ఫేట్‌ను, అనగా ఏ.టి.పి.ని వేరుచేశారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా దానిని కనుగొన్నారు. కండరం ముడుచుకోవడానికి లాక్టిక్ ఆమ్లమే కారణమని అంతవరకు శాస్త్రజ్ఞులు విశ్వసించేవారు. ఆ దిశగా చేసిన కృషికి 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి కూడా లభించింది. కొత్త ఆవిష్కరణలు ఆ విశ్వాసాన్ని తారుమారు చేశాయి. గుండె కూడా కండరమే. అందులో నిల్వ ఉండే ఏ.టి.పి. కొద్ది క్షణాలకే సరిపోతుంది. అది తరిగిపోకుండా ఫాస్ఫోక్రియాటిన్ వెనువెంటనే భర్తీ చేస్తుంది. రక్తప్రసారం ఆగితే గుండె కండరం ఎందుకు అంత త్వరగా బలహీనపడుతుందో వివరించే నేటి హృద్రోగశాస్త్రానికి ఈ జ్ఞానమే పునాది.

1930లో హార్వర్డ్ నుండి ఆయన పిహెచ్.డి. పట్టం పొందారు. అయినప్పటికీ అక్కడ ఆయనకు స్థిరమైన ఉన్నతోద్యోగం లభించలేదు. 1940లో న్యూయార్క్ సమీపంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ఔషధ పరిశోధనశాలలో చేరి, అనతికాలంలోనే పరిశోధన విభాగానికి సారథి అయ్యారు. సోదరులను బలిగొన్న వ్యాధి వైపు తిరిగి చూసే అవకాశం అప్పుడు కలిగింది. రక్తహీనతను తగ్గించే ద్రవ్యమేదో కాలేయంలో ఉందని వైద్యులు ఎరుగుదురు. అంతకుముందే లూసీ విల్స్ అనే వైద్యురాలు బొంబాయిలో గర్భిణులను పరీక్షించి అటువంటి పోషకమొకటి ఉన్నదని గుర్తించింది. సుబ్బారావు బృందం 1945లో ఆ పోషకమైన ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేయగలిగింది. స్ప్రూ రోగులకు దానిని ఇవ్వగా వారి రక్తం వృద్ధి చెందింది. పురుషోత్తం, కృష్ణమూర్తి మరణించిన పాతికేళ్ల తరువాత ఆ మందు లభించింది. అయితే పెర్నీషియస్ ఎనీమియా అనే మరొక రక్తహీనతలో కలిగే నరాల దౌర్బల్యాన్ని అది పోగొట్టలేకపోయింది. అందుకు కావలసిన బి12 విటమిన్‌ను 1948లో ఇతరులు వేరుచేశారు.

ఫోలిక్ ఆమ్లం కథ అంతటితో ముగియలేదు. బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ఆ కోవకు చెందిన పదార్థాలను రక్త క్యాన్సరు సోకిన పిల్లలకు ఇచ్చినప్పుడు వ్యాధి ఉధృతమైంది. రోగకణానికి అదే ఆహారమైతే, ఆ ఆహారాన్ని అడ్డుకొనే పదార్థం మందు కావాలి కదా అన్న ఆలోచన కలిగింది. లెడర్లీ శాస్త్రజ్ఞులు అమినాప్టెరిన్‌ను తయారుచేసి అందించారు. 1948లో ఫార్బర్ ప్రకటించిన ఫలితాల ప్రకారం పదహారు మంది పిల్లలలో పదిమందికి తాత్కాలికంగానైనా గుణం కనిపించింది. అంతవరకు మృత్యువుకు అప్పగించడమే తప్ప వేరు దారిలేని వ్యాధి అది. దానికి సోదరమైన మెథోట్రెక్సేట్‌ను వైద్యులు నేటికీ వాడుతున్నారు.

బోదకాలుకు కారణమైన క్రిములను అణచే డైఇథైల్ కార్బమజీన్ కూడా 1947లో ఆయన నాయకత్వంలోని పరిశోధనశాల నుండే వెలువడింది. తెలుగునాట ఇంటింటికీ పంచిన ఫైలేరియా మాత్ర అదే. వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుండి సాధించిన ఆరియోమైసిన్ 1948లో లోకానికి తెలిసింది. టెట్రాసైక్లిన్ జాతి మందులలో అది మొదటిది. ఇన్నింటి వెనుక నిలిచిన సుబ్బారావు మాత్రం తన పేరు మారుమోగాలని కోరలేదు. పరిశోధన ఒకరి సొత్తు కాదని, అది సమష్టి శ్రమ అని ఆయన నమ్మిక. అందుచేతనే ఆయన కనుగొన్న మందులను మింగిన కోట్లమందికి ఆయన పేరు తెలియలేదు.

1948 ఆగస్టులో, యాభైమూడేళ్ల వయస్సులో, సుబ్బారావు నిద్రలోనే గుండె ఆగి మరణించారు. గుండెకు చోదకశక్తి ఏదో లోకానికి తెలిపిన మనిషికి సొంత గుండె గడువు ఇవ్వలేదు. స్వతంత్ర భారతాన్ని కనులారా చూసే భాగ్యమూ దక్కలేదు. కాని 1946 నాటి చట్టం వల్ల అమెరికా పౌరసత్వం పొందే వీలు కలిగినా, ఆయన చివరివరకు భారతీయునిగానే మిగిలారు. 1995లో, శతజయంతి సందర్భంగా, భారత ప్రభుత్వం ఆయన స్మారకంగా తపాలా బిళ్లను విడుదల చేసింది.

నేడు ఆరోగ్య కేంద్రంలో గర్భిణికి ఇచ్చే ఫోలిక్ ఆమ్లం మాత్రలో, బోదకాలు నివారణకై ఇచ్చే మందులో, క్యాన్సరు వార్డులోని బిడ్డ చికిత్సలో ఆయన కృషి ప్రవహిస్తూనే ఉంది. రెండుసార్లు పరీక్ష తప్పిన బాలుడు, తోబుట్టువులను కాపాడుకోలేని వైద్యుడు, రాత్రివేళ ఆసుపత్రిలో కూలిపని చేసిన విద్యార్థి - ఈ ముగ్గురూ ఒక్కరే. తన ఇంటి దుఃఖాన్ని తనలోనే దాచుకోక, దానిని లోకహితంగా మలచడంలోనే సుబ్బారావు గొప్పతనం ఉంది.