వజ్రాన్వేషి టావెర్నియరు

పందొమ్మిదవ శతాబ్దపు పూర్వార్ధమున ఉత్తర అమెరికాలో బీవరు అను జంతువుల తోళ్లకై వేటగాండ్రు రాకీ పర్వతములు దాటిరి. వారు నడచిన కనుమల గుండనే పిమ్మట కాపురస్థుల బండ్లు పడమటికి సాగెను. మన దేశమున అంతకు పూర్వమే వర్తకు లట్టి బాటలు త్రొక్కియుండిరి. వారిలో ప్రసిద్ధుడు జాన్ బాప్టిస్టు టావెర్నియరు.

ఈతడు 1605వ సంవత్సరమున పారిసు నగరమున జన్మించెను. తండ్రియొద్దకు వచ్చు పండితులు భూగోళమును గూర్చి ముచ్చటించుచుండ వినివిని, బాలునకు దేశాటనమునందు మక్కువ కలిగెను. 1631 మొదలు 1668 వఱకు ఆఱుమాఱులు తూర్పుదేశముల కేగెను.

1645లో నీతడు వజ్రపు గనులను దర్శించెను. రామళ్లకోటలో పదియేండ్లు మొదలు పదునాఱేండ్లలోపు వర్తకుల బాలురు త్రాసును వరహాల సంచియు దగ్గఱ నుంచుకొని, చెట్టుక్రింద గూర్చుండి వజ్రములు కొనుట చూచి ముచ్చటపడెను. సాయంకాలమున వారు లాభమును పంచుకొనుచుండిరట. గోల్కొండకు తూర్పున ఏడుదినముల ప్రయాణమున, కృష్ణాతీరమందలి కొల్లూరిగనిలో స్త్రీలు, పురుషులు, బిడ్డలు కలిసి 60,000 మంది పాటుపడుచుండిరని వ్రాసెను. రామళ్లకోటలో పని నెఱిగిన కూలివానికైనను ఏటికి మూడు వరహాలే దక్కుచుండెనట!

ఈతడు కొనిపోయిన గొప్ప నీలి వజ్రమును ఫ్రాన్సు ప్రభువగు పదునాల్గవ లూయీ కొనెను. 1676లో ప్రకటించిన తన యాత్రాగ్రంథమునందు బాటలను, మజిలీల దూరములను, నాణెముల మారకమును, వజ్రముల తూనికలను వివరించెను. 1689లో మాస్కోనగరమున మరణించెను.

ఈతడు రాజ్యములు గోరినవాడు కాడు. అయినను వర్తకము వెంబడి అధికారము నడచి వచ్చెను. మచిలీబందరున ఆంగ్లేయులు 1611లోను, ఫ్రెంచివారు 1669లోను కోఠీలు పెట్టిరి. 1753లో ఉత్తర సర్కారులు ఫ్రెంచివారికిని, 1766నాటి సంధిచే ఆంగ్లేయులకును లభించెను.

నేడు గోల్కొండ దుర్గమునకు కొలది మైళ్లలోనే హైటెక్ సిటీ వెలసి, దూరదేశముల వర్తకులను మరల రప్పించుచున్నది. విద్యార్థులారా! ఈ వర్తకుని సాహసమును, పరిశీలనాశక్తిని మెచ్చుకొనుడు. ఆ నీలి వజ్రపు చరిత్రను చదువునపుడు, గనులలో మూడు వరహాలకు ఏడాదిపొడవున మన్ను త్రవ్విన మనవారిని గూడ స్మరింపుడు.