ఎల్లాప్రగడ సుబ్బారావు గారు – మనకు ఇచ్చిపోయిన మాత్ర

గుండెకు స్టెంట్ వేయించుకున్న రెండేళ్లకు నాకు మతిమరుపు మొదలైంది. లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి సబ్ ట్రెజరీకి వెళ్లి, నేను రిటైరైన సంవత్సరం చెప్పలేక నిలబడిపోయాను. ముప్పై మూడేళ్లు సర్వీసు రిజిస్టర్లు రాసిన చెయ్యి నాది! రక్తపరీక్షలో బి12 తక్కువ, హోమోసిస్టీన్ ఎక్కువ అని తేలింది. మందుల చీటీలో ఫోలిక్ ఆమ్లం అన్న మాట చూడగానే మన సుబ్బారావు గారు గుర్తుకొచ్చారు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. రాజమండ్రిలోను, మద్రాసులోను చదివారు. సోదరుణ్ణి స్ప్రూ అనే వ్యాధి పొట్టనబెట్టుకుంది. మెడికల్ కాలేజీలో ఖద్దరు ధరించినందుకు ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకోవలసి వచ్చింది. 1922లో అమెరికాలోని బోస్టన్ చేరి, ఆస్పత్రిలో చిన్న పనులు చేస్తూ హార్వర్డ్‌లో చదివారు. ఫిస్క్‌తో కలిసి 1925లో రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. జీవకణాలకు శక్తినిచ్చే ఏ.టి.పి.ని కనుగొన్న వారిలో ఆయన ఒకరు. 1940లో లెడర్లీ సంస్థలో చేరారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. సోదరుణ్ణి బలిగొన్న స్ప్రూ వ్యాధికే అది మందయింది. బోదకాలుకు వాడే హెట్రజాన్ కూడా ఆ ప్రయోగశాల చలవే. అంతటి వారు స్వదేశానికి తిరిగి రాకుండానే 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో, గుండెపోటుతో కన్నుమూశారు.

ఇక నా సంగతి. హోమోసిస్టీన్ అందరి రక్తంలోనూ ఉండేదే. ఫోలిక్ ఆమ్లం, బి12 చాలకపోతే అది పేరుకుంటుంది. గుండెజబ్బు, మతిమరుపు ఉన్నవారిలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. అయితే దీన్ని మాత్రలతో తగ్గించినంత మాత్రాన గుండెపోట్లు తగ్గుతాయని పెద్ద పరిశోధనలలో రుజువు కాలేదు. బి12 లోపం వల్ల వచ్చిన మతిమరుపు మాత్రం త్వరగా గుర్తిస్తే చాలావరకు చక్కబడే అవకాశం ఉంది. ఇంజెక్షన్లు పడ్డాక నేనూ కొంత తేరుకున్నాను.

సోదర పెన్షనర్లకు నా మనవి ఒక్కటే. మతిమరుపును వయసు మీదకు నెట్టేయకండి. షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారు, శాకాహారులు డాక్టరునడిగి బి12 పరీక్ష చేయించుకోండి. సొంతంగా ఫోలిక్ మాత్రలు మింగవద్దు. అవి రక్తహీనతను కప్పిపుచ్చుతాయి కాని, బి12 లోపం లోలోపల నరాలను దెబ్బతీస్తూనే ఉంటుంది. సుబ్బారావు గారి మందును సరిగా వాడుకోవడమే మనం ఆయనకిచ్చే నివాళి.